60లోంచి 30 తీసేయాల్సింది, కలిపేశా (ఇవాళ్టి విమానం క్లాసు గోడు)

వీకెండ్ పైలట్ | శనివారం రాత్రి 11:10

డాలస్‌లో ఉంటాను. వారమంతా డేటాబేసులు, శనివారం విమానం. రెండేళ్ళ క్రితం ప్రైవేటు లైసెన్సు వచ్చింది, ఇప్పుడు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కోసం తంటాలు పడుతున్నాను. కావలసిన 40 గంటల్లో 27 అయ్యాయి. ఇవాళ్టి క్లాసు చూస్తే 7 కూడా అయినట్టు లేదు.

తెలియనివాళ్ళకు ఒక ముక్క. ఈ రేటింగ్ ఉంటే మబ్బుల్లో, బయట ఏమీ కనపడకపోయినా, కేవలం ముందున్న గడియారాలు చూసి నడపొచ్చు. నేర్చుకునేటప్పుడు ఫాగిల్స్ అని ఒక కళ్ళజోడు పెడతారు. పై సగం పాలరంగులో ఉంటుంది, కింది సగంలోంచి డ్యాష్‌బోర్డు మాత్రమే కనపడుతుంది. బయట టెక్సస్ ఎండ మండిపోతున్నా మనకు మాత్రం మబ్బే.

ఇవాళ మొదటి పని హోల్డు. వీఓఆర్ అనే రేడియో స్టేషన్ దగ్గర కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతూ వేచి ఉండటం అన్నమాట. 060 రేడియల్ (ఆ స్టేషన్ నుంచి 60 డిగ్రీల దిక్కుకు పోయే గీత) మీద, కుడి తిరుగుళ్ళు అన్నాడు మా ఇన్‌స్ట్రక్టర్. నేను 010 హెడింగ్‌లో, అంటే ముక్కు 10 డిగ్రీల దిక్కుకు పెట్టి వస్తున్నా. అంటే టియర్‌డ్రాప్ ఎంట్రీ (హోల్డులోకి వెళ్ళే మూడు పద్ధతుల్లో ఒకటి), అది సరిగ్గానే పోల్చాను. 060లోంచి 30 తీసేసి 030కి తిరగాలి. నేను కలిపి 090కి తిరిగాను! హోల్డు ఒక పక్కన, నేను ఇంకో పక్కన. అది సర్దుకునే కంగారులో టైమర్ నొక్కలేదు, ఎత్తు 220 అడుగులు పోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. తర్వాత డెంటన్‌లో ఐఎల్ఎస్, అంటే రేడియో సంకేతాలు పట్టుకుని రన్‌వే మీదికి దిగడం. కంట్రోలర్ హెడింగ్ ఇచ్చాడు, తిరిగాను, రన్‌వే దారి చూపే సూది వచ్చి మధ్యలో నిలబడింది. జన్మలో అంత బాగా పట్టలేదు. లోపల సంతోషం. ఇక గ్లైడ్ స్లోప్ సూది (ఏ వాలులో దిగాలో చూపేది) కిందికి దిగుతుంది, దానితో పాటు నేనూ దిగుతాను అని ఎదురు చూస్తున్నా. రాదు. ఇంకా రాదు. సిగ్నల్ లేదని చెప్పే ఎర్ర జెండా అలాగే ఉంది. ఇన్‌స్ట్రక్టర్ వైపు నుంచి ఉలుకూ పలుకూ లేదు. చివరికి "ఫాగిల్స్ తియ్యి" అన్నాడు. తీస్తే రన్‌వే ముక్కు కింద ఉంది. నేనేమో ఇంకా రెండు వేల పైచిలుకు అడుగుల్లో.

దారి చూపే పెట్టె గార్మిన్ 430లో, సూది ఏ సిగ్నల్ చూపాలో ఎంచుకునే సీడీఐ మీట జీపీఎస్‌లోనే ఉండిపోయింది. నేను పట్టుకున్నది లోకలైజర్ (ఐఎల్ఎస్‌లో ఎడమా కుడీ చూపే సంకేతం) సూది కాదు, జీపీఎస్ సూది. ఐఎల్ఎస్ ఫ్రీక్వెన్సీ స్టాండ్‌బైలో హాయిగా నిద్రపోతోంది.

వెనక్కి వచ్చేటప్పుడు ఇద్దరం మాట్లాడుకోలేదు. విమానం అద్దె, ఆయన ఫీజు కలిపి 400 డాలర్ల పైనే. కారులో ఏసీ వేసుకుని ఇరవై నిమిషాలు ఊరికే కూర్చున్నా. ఈయన నాకు మూడో ఇన్‌స్ట్రక్టర్. ముందు ఇద్దరూ 1,500 గంటలు నిండగానే ఎయిర్‌లైన్సుకు వెళ్ళిపోయారు. ఈయనకు ఇరవై మూడేళ్ళు. జెండా వేలాడుతుంటే ఒక్క మాట చెప్పొచ్చు కదా? నా డబ్బు కాలిపోతుంటే చోద్యం చూస్తాడా?

సిమ్ బాబు | శనివారం రాత్రి 11:31

అన్నా, ఏమనుకోకు. నేను ఇంట్లో ఎక్స్-ప్లేన్ సిమ్యులేటర్లో ఐఎల్ఎస్ రెండో ప్రయత్నంలోనే 200 అడుగుల దాకా పట్టాను. సూదులు మధ్యలో ఉంచడమేగా. దీనికి 40 గంటలు దేనికి?

రన్‌వే 09 | ఆదివారం ఉదయం 6:50

సిమ్ బాబూ, నీ కుర్చీ ఎప్పుడైనా పక్కకు ఒరిగిందా? 🙂

అన్నా, నేను ఇక్కడ ఇండియాలో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) చేస్తున్నా. మీ ఇన్‌స్ట్రక్టర్ మాట్లాడలేదని మీ బాధ. మా సారు ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలని నా మొక్కు. నేను తప్పు చెయ్యకముందే అరుస్తారు. "స్పీడ్! స్పీడ్! ఎక్కడ చూస్తున్నావ్!" చేతిలో మడిచిన చార్టు ఉంటుంది, మోకాలి మీద పటక్‌మని పడుతుంది. కిందికి దిగాక నేనేం తప్పు చేశానో నాకే తెలీదు, ఆయన అన్నీ ముందే సరిచేసేసి ఉంటారు కాబట్టి. మారుద్దామా?

ఎడారి గద్ద | ఆదివారం ఉదయం 8:05

ఫీనిక్స్ దగ్గర ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌స్ట్రక్టర్‌గా పని చేస్తాను. తమ్ముడూ, ముందుగా ఒక మాట. నువ్వు రాసింది చదివాక నాకు నీ మీద జాలి వెయ్యలేదు, ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఇదే సీడీఐ మీట దగ్గర బోల్తా పడతారు. ఆ మాటకొస్తే నేనూ పడ్డాను.

ఆ 430 గురించి. ఐఎల్ఎస్ అప్రోచ్ లోడు చేస్తే పెట్టె ఫ్రీక్వెన్సీని తెచ్చి స్టాండ్‌బైలో పెడుతుంది. దాన్ని పైకి తిప్పాల్సింది నువ్వే. తిప్పకపోతే, జీపీఎస్ నుంచి వీలాక్‌కు (ఐఎల్ఎస్ సిగ్నల్‌కు) దానంతట అది మారే సదుపాయం ఉన్నా మారదు. అసలు చిక్కేమిటంటే, జీపీఎస్ కూడా అదే దారిని చూపిస్తుంది. సూది అందంగా మధ్యలో ఉంటుంది. తప్పు తప్పులా కనపడదు. నీకు దొరికిన ఒకే ఒక్క సాక్ష్యం ఆ ఎర్ర జెండా. దాన్ని చూశావు కూడా. చూసి "ఇంకా రాలేదు" అనుకున్నావు, "ఎందుకు రాలేదు" అనుకోలేదు.

ఇప్పుడు నా ప్రశ్న. హోల్డుకు పది మైళ్ళ దూరంలో ఉన్నప్పుడు నీ స్పీడెంత? అప్పుడు ఏం చేస్తున్నావు?

వీకెండ్ పైలట్ | ఆదివారం ఉదయం 9:22

అక్కా, 120 నాట్లు అనుకుంటా. ఏం చేస్తున్నానంటే... మనసులో కంపాస్ గీసుకుని టియర్‌డ్రాపా, పారలలా అని లెక్క వేస్తున్నా. లెక్క తేలేసరికి వీఓఆర్ మీదే ఉన్నాను.

ఎడారి గద్ద | ఆదివారం ఉదయం 9:48

అదీ సంగతి. 120 నాట్లలో పది మైళ్ళంటే అయిదు నిమిషాలు. 90కి తగ్గించి ఉంటే 6 నిమిషాల 40 సెకన్లు. థ్రాటిల్ కాస్త వెనక్కి లాగితే నిమిషం 40 సెకన్లు ఊరికే వస్తాయి. హోల్డుకు మూడు నిమిషాల ముందు నుంచి స్పీడు తగ్గించుకోమని ఎలాగూ చెప్తారు. సెస్నాలో ఇంకా ముందే తగ్గించినా ఎవరూ కొట్టరు.

ఇంకోటి. ఆ మూడు ఎంట్రీలూ ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) సిఫారసు చేసే పద్ధతులు. వాటి వెనకున్న అసలు ఉద్దేశం, నువ్వు హోల్డు కోసం కేటాయించిన గగనతలం దాటి పోకూడదని. ఏ ఎంట్రీయో తేల్చే 70 డిగ్రీల హద్దు దగ్గర, 68 డిగ్రీలా, 72 డిగ్రీలా అని తల బద్దలు కొట్టుకునేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. రెండిట్లో ఏది చేసినా నడుస్తుంది. నడవనిది ఒక్కటే, హోల్డుకు అవతలి పక్కకు తిరగడం. నువ్వు ఏరి కోరి అదే చేశావు 😄

కాగితం మీద హోల్డు గియ్యి. మోకాలి మీదున్న ప్యాడ్ మీద, పెన్సిల్‌తో, వంకరటింకరగానైనా సరే. గీసిన బొమ్మ చూస్తే 030 ఏ పక్కనుందో చిన్నపిల్లాడైనా చెప్తాడు. మనసులో కూడికలు, తీసివేతలు గాల్లో పనికిరావు. గాల్లో మన తెలివి సగమే ఉంటుంది.

పాతకాపు | ఆదివారం ఉదయం 10:30

బేగంపేటలో ఎనభైల్లో నేర్చుకున్నవాణ్ణి. ఇప్పుడు రిటైరై సికింద్రాబాద్‌లో మొక్కలకు నీళ్ళు పోసుకుంటున్నాను. అక్కడ ప్రయాణికుల విమానాలు 2008లో శంషాబాద్‌కు వెళ్ళిపోయాయి కానీ మా చెవుల్లో ఆ ఇంజిన్ల మోత ఇంకా పోలేదు.

మీ పెట్టెలు నాకు తెలియవు. మాకున్నది ఎన్‌డీబీ అనే రేడియో స్టేషన్, దాని వైపు చూపే ఒక సూది. గాలి పక్కనుంచి కొడుతుంటే సూదిని ముక్కుకి సూటిగా పెట్టి వెళ్తే వంపు తిరిగి ఎక్కడికో పోతాం. అందుకని గాలి వైపు ముక్కు తిప్పి, సూది పక్కకు వాలి ఉన్నా అదే సరైనదని నమ్మి కూర్చోవాలి. మనసు ఒప్పుకోదు. నేను ఎన్నిసార్లు తప్పానో లెక్క లేదు. మా ఇన్‌స్ట్రక్టర్ ఎయిర్‌ఫోర్సు నుంచి వచ్చినవారు. ఒకరోజు దిగాక నా లాగ్‌బుక్కు తీసుకుని, సంతకం పెట్టి, ఒక్క మాటన్నారు: "ఇవాళ నువ్వు లేవు, విమానమే వెళ్ళొచ్చింది." ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

బాబూ, ఒకటి అడుగుతాను. ఆ ఐఎల్ఎస్ తన గుర్తు చెప్పే మోర్స్ కూత విన్నావా?

వీకెండ్ పైలట్ | ఆదివారం ఉదయం 10:41

లేదు సార్. 🙏

పాతకాపు | ఆదివారం ఉదయం 10:55

వినుంటే ఈ టపా ఉండేది కాదు. స్టాండ్‌బైలో ఉన్న ఫ్రీక్వెన్సీ చుక్కలూ గీతలూ వినిపించదు. చెవిలో ఏమీ వినపడకపోవడమే నీకు కబురు.

సిమ్ బాబు | ఆదివారం మధ్యాహ్నం 12:15

సరే, నా కుర్చీ ఒరగదు, ఒప్పుకుంటున్నా. కానీ అర్థం కాక అడుగుతున్నా. గడియారం చూపిస్తోంది కదా, ఒంటికి ఏమనిపిస్తే ఏంటి?

ఎడారి గద్ద | ఆదివారం మధ్యాహ్నం 1:02

బాబూ, మంచి ప్రశ్నే. లోపలి చెవిలో అర్ధవృత్తాకారపు గొట్టాలుంటాయి, వాటిలో ద్రవం. విమానం తిరగడం మొదలుపెడితే ద్రవం వెనకబడుతుంది, "తిరుగుతున్నాం" అని మెదడుకు కబురు వెళ్తుంది. అదే తిరుగుడు ఓ ఇరవై సెకన్లు సమానంగా సాగిందనుకో, ద్రవం గొట్టంతో సమానంగా కదలడం మొదలుపెడుతుంది. ఇక తిరుగుతున్న సంగతి ఒంటికి తెలియదు. స్టాండర్డ్ రేటు తిరుగుడంటే సెకనుకు 3 డిగ్రీలు, పూర్తి చుట్టుకు రెండు నిమిషాలు. ఇరవై సెకన్లు దాటడం ఎంతసేపు చెప్పు. అప్పుడు రెక్కలు సమం చేస్తే, ఎదురు వైపుకు పడిపోతున్నట్టు ఒళ్ళంతా గోల పెడుతుంది. గడియారం ఒకటి చెప్తుంది, నీ నడుము, మెడ, కడుపు ముగ్గురూ కలిసి ఇంకోటి చెప్తారు. ముగ్గురి మీద ఒక్కడి సాక్ష్యం.

1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఈ అనుభవం లేని 20 మంది పైలట్లను ఇలాంటి కృత్రిమ మబ్బులో పెట్టి చూశారు. ఇరవై మందీ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లకు. మూడు నిమిషాలు కూడా కాదు.

నీ సిమ్యులేటర్ను తీసిపారెయ్యను. మీటలు, వరుస, ఎప్పుడు ఏం చెయ్యాలి అన్నవి నేర్చుకోవడానికి ఇల్లే మేలు. కావాలంటే బొమ్మ ఆపేసి ఆలోచించుకోవచ్చు, గాల్లో పాజ్ మీట లేదు. ఎఫ్ఏఏ ఆమోదించిన పరికరమైతే దాని రకాన్ని బట్టి 10 గంటలో 20 గంటలో లెక్కలోకి కూడా తీసుకుంటారు. నీ ఎక్స్-ప్లేన్ ఆ లెక్కలోకి రాదులే.

ఎయిర్‌పోర్ట్ ఇల్లాలు | ఆదివారం సాయంత్రం 5:40

నాకు విమానాల గురించి ఏమీ తెలీదు, మా ఆయన వల్ల ఇక్కడ సభ్యురాలినయ్యాను. మా హాల్లో నేల మీద నీలం టేపుతో కోడిగుడ్డు ఆకారం అతికించి ఉండేది. దాని ఒక మూల వీఓఆర్ అట, అక్కడ పప్పు డబ్బా పెట్టేవారు. రోజూ రాత్రి భోజనం అయ్యాక ఈయన చేతిలో ప్యాడ్ పట్టుకుని వంటింట్లోంచి ఒకసారి, పడగ్గదిలోంచి ఒకసారి బయల్దేరి వచ్చి ఆ డబ్బా దగ్గర తిరిగేవారు. వెనకాల మా ఆరేళ్ళవాడు "నాన్నా, టైం! నాన్నా, టైం!" అని అరుస్తుండేవాడు. మా అత్తగారు ఊరినుంచి వచ్చినప్పుడు చూసి, ఏదైనా మొక్కు ఉందా అని నన్ను పక్కకు పిలిచి అడిగారు.

పరీక్ష అయ్యి నాలుగు నెలలైంది. పాసయ్యారు. టేపు ఊడగొడితే గుర్తు పడిపోయింది నేల మీద, అది వేరే గొడవ.

వీకెండ్ పైలట్ | ఆదివారం సాయంత్రం 6:15

అక్కా, చాలా నవ్వాను. నిన్నటి నుంచి ఇదే మొదటిసారి.

కానీ నా అసలు ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఆయన మౌనంగా ఉండటం న్యాయమా కాదా?

రన్‌వే 09 | ఆదివారం సాయంత్రం 6:32

న్యాయమే. నా పరిస్థితి చూశాక కూడా అడుగుతున్నారా?

ఎడారి గద్ద | ఆదివారం రాత్రి 8:10

నేను ఒప్పుకోను. ఐఎల్ఎస్ దగ్గర మౌనం సరే. బయట ఎండ, రన్‌వే ఆయనకు కనపడుతోంది, ప్రమాదమేమీ లేదు. ఆ జెండాను నువ్వే పట్టుకోవాలి. చెక్‌రైడ్ (రేటింగ్ పరీక్ష) రోజు ఎగ్జామినర్ నోరు విప్పడు. ఎత్తు 100 అడుగులు, హెడింగ్ 10 డిగ్రీలు, స్పీడు 10 నాట్లు, ఈ గీతలు దాటి సర్దుకోకపోతే ఇంటికి పంపుతాడు.

తప్పు అంతకుముందే జరిగింది. హోల్డు చెడిపోయిన వెంటనే నీ మొహం చూస్తే ఆయనకు తెలిసి ఉండాలి. అక్కడ ఫాగిల్స్ తీయించి, రెండు నిమిషాలు బయటకు చూడనిచ్చి, నీళ్ళు తాగించి, అప్పుడు ఐఎల్ఎస్‌కు వెళ్ళాల్సింది. నువ్వు ఐఎల్ఎస్ నడపలేదు తమ్ముడూ, అంతసేపూ మనసులో ఆ 090నే తలుచుకుని కుమిలిపోయావు. అందుకే మీట మర్చిపోయావు. నీ మాటల్లోనే ఉంది, "అక్కడితో ఆగితే బాగుండేది" అని. ఆపాల్సింది ఆయన. ఇరవై మూడేళ్ళవాడు కదా, నేర్చుకుంటాడు. నేనూ ఆ వయసులో అలాగే గుడ్లగూబలా కూర్చునేదాన్ని.

పాతకాపు | ఆదివారం రాత్రి 9:25

గద్దమ్మా, నీ మాటలో నిజముంది, కానీ నేను కొంచెం పక్కకు జరుగుతాను. 1929 సెప్టెంబరు 24న అమెరికా పైలట్ జిమ్మీ డూలిటిల్ న్యూయార్క్ దగ్గర మిచెల్ ఫీల్డ్‌లో కాక్‌పిట్ మీద హుడ్ కప్పుకుని, బయట ఏమీ చూడకుండా, లేచి, తిరిగి, దిగాడు. మనం చేసే ఈ పనికి అదే మొదలు. ఆయనతో పాటు కెల్సీ అని ఒక సేఫ్టీ పైలట్ ఎక్కాడు. తను కంట్రోళ్ళు ముట్టుకోవడం లేదని కిందివాళ్ళకు తెలిసేలా చేతులు బయటకు పెట్టి కూర్చున్నాడట. ఆ చేతులు ఒక్కసారి లోపలికి వెళ్ళి ఉంటే డూలిటిల్ చేశాడని ఎవరూ నమ్మేవారు కాదు. పక్కవాడు ఊరుకుంటేనే కదా అది మన నడకయ్యేది.

అయితే పక్కవాడు ఎప్పుడు మాట్లాడాలన్నది కూడా అంతే పెద్ద విషయం. 1978 జనవరి 1 రాత్రి, ఎయిర్ ఇండియా 747 'ఎంపరర్ అశోక' బొంబాయిలో లేచిన రెండు నిమిషాల లోపే బాంద్రా దగ్గర సముద్రంలో పడింది. 213 మంది పోయారు. కెప్టెన్ ముందున్న యాటిట్యూడ్ ఇండికేటర్ (విమానం ఎటు ఒరిగిందో చూపే గడియారం) కుడివైపు ఒరిగినట్టు చూపిస్తూ ఉండిపోయింది. ఆయన దాన్ని నమ్మి ఎడమకు వంచారు. కింద చీకటి సముద్రం, చూసి పోల్చుకోవడానికి ఒక్క దీపం లేదు. కో-పైలట్ ముందు ఇంకో యాటిట్యూడ్ ఇండికేటర్ ఉంది, అది బాగానే పనిచేస్తోంది. మేము నేర్చుకునే రోజుల్లో ఆ సంగతి క్లబ్బులో పచ్చిగా ఉండేది. అందుకే మా సారు వారానికోసారి ఆ గడియారం మీద రబ్బరు మూత అతికించి, మిగతావాటితో నడపమనేవారు. ఒక్క సూది ఎంత అందంగా ఉన్నా రెండో సూదిని అడక్కుండా నమ్మకూడదని. నీ జీపీఎస్ సూది కథ చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.

వీకెండ్ పైలట్ | సోమవారం ఉదయం 7:05

సార్, ఇది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. కోపంతో కాదు లెండి ఈసారి.

సిమ్ బాబు | సోమవారం రాత్రి 9:50

అన్నా, గార్మిన్ వాళ్ళదే 430 ట్రైనర్ సాఫ్ట్‌వేర్ ఉంది, కంప్యూటర్లో వేసుకోవచ్చు, ఉచితం. మీటలన్నీ అసలుదానిలాగే పనిచేస్తాయి. నేనైనా ఒక పనికొచ్చే మాట చెప్పాలి కదా.

వీకెండ్ పైలట్ | రెండు వారాల తర్వాత, శనివారం సాయంత్రం 4:35

కబురు చెప్తానని ఎవరికీ మాటివ్వలేదు కానీ చెప్పకపోతే బాగుండదు.

పోయిన శనివారం విమానం ఎక్కలేదు. ఇన్‌స్ట్రక్టర్‌తో టేబుల్ దగ్గర కూర్చుని, ల్యాప్‌టాప్‌లో ఆ ట్రైనర్ పెట్టి గంటసేపు మీటలే నొక్కాం. విమానం అద్దె లేదు, ఆయన ఫీజొక్కటే. మౌనం సంగతి అడిగేశాను. మొదట ఎర్రబడ్డాడు. జెండాను నేనే చూడాలని కావాలనే ఆగాడట. తర్వాత కాసేపాగి, హోల్డు అయ్యాక ఒక బ్రేక్ ఇచ్చి ఉండాల్సింది అన్నాడు. గద్దక్క మాటే, అచ్చం. నేను ఈ చర్చ గురించి చెప్పలేదు.

ఇవాళ మళ్ళీ వెళ్ళాం. పన్నెండు మైళ్ళ దూరంలోనే 90కి తగ్గించా. ప్యాడ్ మీద హోల్డు గీశా, పాలకోవా బిళ్ళ తొక్కినట్టుంది, అయినా పని చేసింది. పారలల్ ఎంట్రీ, సరైన పక్కకే. నిమిషం పట్టాల్సిన ఇన్‌బౌండ్ కాలు (స్టేషన్ వైపు వచ్చే తిన్నటి దారి) రెండో చుట్టులో దక్షిణం గాలికి 40 సెకన్లకే అయిపోయింది, మూడో చుట్టులో సర్దుకుని 58కి తెచ్చా.

ఐఎల్ఎస్‌లో లోకలైజర్ పాములా తిరిగింది. పోయినసారంత అందంగా లేదు, కానీ ఈసారి అది లోకలైజరే! గ్లైడ్ స్లోప్ సూది దిగుతుంటే పెళ్ళిపందిట్లోకి పెళ్ళికొడుకు వస్తున్నట్టు చూశాను. నేల నుంచి 200 అడుగుల దగ్గర ఫాగిల్స్ తీస్తే రన్‌వే కొంచెం కుడికి, కానీ ఉంది. ల్యాండింగ్ గురించి అడక్కండి, రెండుసార్లు దిగాం.

పాతకాపు | శనివారం సాయంత్రం 5:10

సంతోషం బాబూ. మోర్స్ విన్నావా?

వీకెండ్ పైలట్ | శనివారం సాయంత్రం 5:18

విన్నాను సార్. చుక్కలూ గీతలూ చార్టుతో సరిపోల్చుకున్నాను కూడా. కాకపోతే దాన్ని ఆపడం మర్చిపోయా. నేల తాకేదాకా చెవిలో కూస్తూనే ఉంది, టవర్‌ను రెండుసార్లు "సే అగైన్" అని అడగాల్సొచ్చింది.

రన్‌వే 09 | శనివారం సాయంత్రం 5:20

😂😂 మా సారుకు చెప్పకండి, ప్లీజ్.